చెన్నై పాత చర్చిల లోపల ఫోటోలు ఎలా తీయాలి

చెన్నై పాత చర్చిల ఫోటోలు వెతికితే బయటి నుంచి తీసినవే ఎక్కువ కనిపిస్తాయి. తెల్లటి శిఖరం, వెనక నీలాకాశం, అంతటితో సరి. అసలు పనితనమంతా లోపలే ఉంది. శాంథోమ్‌లో రంగు గాజు కిటికీలు, ఫోర్ట్ సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్‌లో పాలరాతి స్మారకాలు, ఎగ్మూరు సెయింట్ ఆండ్రూస్‌లో నక్షత్రాల గుమ్మటం, కెథీడ్రల్ రోడ్డు సెయింట్ జార్జిలో అద్దంలా మెరిసే సున్నపు స్తంభాలు. ఇవి ఫోటోలో సరిగ్గా పడటం కష్టం కాబట్టే చాలామంది ఒకటి రెండు నొక్కి బయటికొచ్చేస్తారు.

ఆ ఒకటి రెండింటిలో జరిగేది ఎప్పుడూ ఒకటే. కిటికీలు తెల్లగా పేలిపోతాయి, బెంచీలు నల్లగా ముద్దకట్టుకుపోతాయి, స్తంభాలు వెనక్కి పడిపోతున్నట్టు ఉంటాయి, గోడలు సగం పసుపు సగం నీలం. ఖరీదైన కెమెరా కొన్నంత మాత్రాన ఇవి పోవు. ఈ చర్చిలు కరెంటు దీపాలను నమ్ముకుని కట్టినవి కావు. ఏ కిటికీలోంచి వెలుగు రావాలి, అది ఎక్కడ పడాలి అనేది కట్టినవాళ్లు ముందే ఆలోచించి పెట్టారు. ఆ వెలుగు ఎటు నుంచి వస్తోందో చూసి, దానికి తగ్గట్టు నిలబడటమే మన పని. మిగతా సెట్టింగులన్నీ ఆ తర్వాతే.

ముందు అడగండి

ఇవి మ్యూజియంలు కావు, రోజూ ప్రార్థన జరిగే చోట్లు. లోపలికి వెళ్లగానే కెమెరా తీయకుండా చర్చి ఆఫీసుకు వెళ్లండి. ఆఫీసు మూసి ఉంటే తలుపులు తీసే మనిషో, ఊడ్చే అమ్మో ఎవరో ఒకరు ఉంటారు. "ఫోటో ఎడుక్కలామా అణ్ణా?" (ఫోటో తీయొచ్చా అన్నా?) అని తమిళంలో ఒక్క మాట అడిగితే చాలా చోట్ల పని జరుగుతుంది. అడిగినాయన తెలుగులోనే జవాబు చెప్పినా ఆశ్చర్యపోకండి, ఇది చెన్నై. ఫోన్‌తో తీసుకోవచ్చా, పెద్ద కెమెరా వాడొచ్చా, ట్రైపాడ్ పెట్టొచ్చా అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మూడూ విడివిడిగా అడగండి. ట్రైపాడ్ కావాలంటే ముందుగా ఒక ఉత్తరమో మెయిలో పెట్టి, ఏ రోజు, ఎంతసేపు, దేనికోసం అని రాస్తే వాళ్లకూ తేలిక.

కోటలోని సెయింట్ మేరీస్‌కు వెళ్లాలంటే గుర్తింపు కార్డు తప్పకుండా దగ్గర ఉంచుకోండి. తమిళనాడు శాసనసభ, సచివాలయం అదే ఆవరణలో ఉన్నాయి, సైన్యం కట్టడాలు కూడా ఉన్నాయి. గేటు దగ్గర బ్యాగు చూస్తారు. చర్చి గుమ్మం దాటేదాకా కెమెరా బ్యాగులోనే ఉండాలి.

కాథలిక్ చర్చిలో బలిపీఠం దగ్గర ఎర్రదీపం వెలుగుతోందంటే అక్కడ సత్ప్రసాదం (పూజలో ఆశీర్వదించిన అప్పం) ఉందని అర్థం. బలిపీఠం మెట్లు ఎక్కకండి, ఎవరైనా రమ్మని చెప్తే తప్ప. మోకాళ్ల మీద ప్రార్థిస్తున్నవాళ్లు ఫ్రేమ్‌లోకి వస్తే వాళ్లు లేచి వెళ్లేదాకా ఆగండి. వాళ్ల ముఖాలు మీ ఫోటోకు అందమనిపించినా సరే తీయొద్దు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. ఫ్లాష్ మాట అసలు ఎత్తకండి. ప్రార్థన చేసుకునేవాళ్లకు ఇబ్బంది, పైగా ఆ దూరానికి అది పనికిరాదు.

ఆదివారాలు వద్దు. శనివారం పెళ్లిళ్లు ఉండొచ్చు. మామూలు రోజుల్లో ఉదయం పూజ అయిపోయాక దొరికే సమయం మంచిది. ఈస్టర్‌కు ముందు రోజుల్లో కొన్ని కాథలిక్ చర్చిల్లో విగ్రహాలకు ఊదారంగు గుడ్డలు కప్పుతారు. విగ్రహాల కోసమే వెళ్తుంటే ఆ రోజులు తప్పించండి.

ఒక చుట్టు ఖాళీ చేతులతో

అనుమతి దొరికాక వెంటనే మొదలుపెట్టకండి. ఏసీ కారులోంచి నేరుగా వచ్చారంటే చెన్నై ఉక్కకు లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. బ్యాగు జిప్పు తీసి ఓ పావుగంట బెంచీ మీద వదిలేయండి. ఆలోపు మీరు లోపలంతా ఒక చుట్టు తిరిగి రావచ్చు.

తిరిగేటప్పుడు మూడు చూసుకోండి. ఫోన్‌లో దిక్సూచి తెరిచి బలిపీఠం ఏ దిక్కున ఉందో చూడండి, దాన్ని బట్టి ఏ కిటికీకి ఎప్పుడు ఎండ తగులుతుందో తెలుస్తుంది. చెన్నైలో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 53 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీల్లోంచి ఎండ లోపలిదాకా వస్తుంది. జూన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు, అప్పుడు కిటికీల్లోంచి నేరుగా పడే ఎండ దాదాపు ఉండదు. ఒకే చర్చి ఆ రెండు నెలల్లో రెండు చర్చిల్లా కనిపిస్తుంది. రెండోది, ఏ దీపాలు వెలుగుతున్నాయి, వాటిని ఆపమని అడగొచ్చా అన్నది. మూడోది ఫ్యాన్లు. పొడవాటి రాడ్లకు వేలాడే ఫ్యాన్లు మన చర్చిల ఫోటోల్లో తప్పవు. అవి ఆగి ఉంటే రెక్కలు స్పష్టంగా పడతాయి, తిరుగుతుంటే మసక చక్రాలవుతాయి. లోపల ఎవరూ కూర్చోనప్పుడు మాత్రమే ఆపమని అడగండి.

గీతలు నిటారుగా ఉండాలి

గుమ్మంలో నిలబడి కెమెరా పైకెత్తి తీస్తే స్తంభాలన్నీ లోపలికి వాలిపోతాయి. కప్పు అందడం కోసం కెమెరా ఎత్తుతాం, అదే చిక్కు. ఎత్తకుండా, కెమెరాను నేలకు సమాంతరంగా పట్టుకుని నిలువుగా తిప్పండి. ఫ్రేమ్‌లో కింద నేల ఎక్కువ వస్తుంది, తర్వాత కత్తిరించేయొచ్చు. స్తంభాలు మాత్రం నిటారుగా నిలబడతాయి. తెర మీద గ్రిడ్, లెవెల్ రెండూ ఆన్ చేసి పెట్టండి.

మధ్య దారిలో సరిగ్గా నడుమ నిలబడ్డానని మనకు అనిపిస్తుంది కానీ సాధారణంగా ఓ అడుగు పక్కకే ఉంటాం. నేల మీద పలకల గీత చూసుకుని, రెండు పక్కలా బెంచీల చివరలు ఫ్రేమ్ అంచులకు సమాన దూరంలో ఉన్నాయో లేదో చూడండి. ఈ ఒక్క సర్దుబాటుకు రెండు నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. మరీ వైడ్ లెన్సు వాడకండి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సారు) కెమెరా మీద 20 నుంచి 24 ఎంఎం దాకా చాలు, అంతకన్నా తగ్గితే బలిపీఠం చిన్నబోయి ఎక్కడో దూరాన కనిపిస్తుంది.

సెయింట్ జార్జి కెథీడ్రల్ ఈ సాధనకు మంచి చోటు. 1815లో కట్టిన ఈ చర్చిలో స్తంభాలు వరుసగా, గుండ్రంగా, తెల్లగా నిలబడి ఉంటాయి. పాలరాయి అనుకుంటారు కానీ అది మద్రాసు సున్నం, గవ్వలు కాల్చి నూరి చేసిన గచ్చును పాలిష్ పెట్టి తెచ్చిన మెరుపు. ఇక్కడ కెమెరా మిమ్మల్ని మోసం చేస్తుంది. ఎదురుగా తెలుపు ఎక్కువుంటే వెలుగు ఎక్కువైందనుకుని అంతా బూడిదరంగులోకి దించేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచుకున్న వెలుగును మనం పెంచే, తగ్గించే సెట్టింగు) ప్లస్ 2/3 లేదా ప్లస్ 1 పెట్టండి. తెలుపు తెలుపుగా వస్తుంది, స్తంభానికి ఒక పక్క పడే మెత్తటి నీడ కూడా పోదు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడింది ఈ కప్పు కిందే. తెలుగునాట సీఎస్ఐ చర్చిల్లో పెరిగినవాళ్లకు ఇది చూడకుండా వెళ్లకూడని చోటు.

సెట్టింగులు, క్లుప్తంగా

రా ఫైల్‌లో (కెమెరా కుదించని అసలు ఫైల్) తీయండి. అపర్చర్, అంటే లెన్సు రంధ్రం, ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 8 మధ్య. చేత్తో పట్టుకుని తీస్తుంటే ఐఎస్ఓ (వెలుగుకు సెన్సారు స్పందించే స్థాయి) 1600, 3200 అయినా భయపడొద్దు, గ్రెయిన్ ఉన్న ఫోటోను బాగుచేయొచ్చు, కదిలిన ఫోటోను చేయలేం. షట్టర్ 1/50 లేదా 1/100 సెకను ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. వేరే వేగాల్లో, ముఖ్యంగా సైలెంట్ షట్టర్ వాడితే, ఫోటో అడ్డంగా చారలు పడుతుంది. నిశ్శబ్దంగా ఉండాలని సైలెంట్ షట్టర్ పెట్టుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ట్రైపాడ్ ఒప్పుకోకపోతే చిన్న గుడ్డసంచిలో కిలో బియ్యం పోసి నోరు కుట్టేసి తీసుకెళ్లండి. బెంచీ వీపు మీద అది పెట్టి దానిలోకి కెమెరాను కూర్చోబెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో తీస్తే అర సెకను షట్టర్ కూడా స్థిరంగా వస్తుంది. చెక్క పాలిష్ గీసుకోదు, ఎవరూ అభ్యంతరం చెప్పరు.

శాంథోమ్: రంగు గాజు

శాంథోమ్‌లో పోర్చుగీసువాళ్ల పాత చర్చిని తీసేసి, సూది కమానుల గోతిక్ శైలిలో ఇప్పటి చర్చిని 1896కు పూర్తిచేశారు. ఏసు శిష్యుడు తోమా సమాధి ఇక్కడే ఉందని నమ్మకం. బలిపీఠం వెనక పెద్ద రంగు గాజు కిటికీలో తోమా కథ ఉంది. అందరూ దీన్నే తీస్తారు, చాలామందికి ఇదే చెడుతుంది.

కారణం చూడండి. గాజు వెనక ఆకాశం ఉంది, గాజు చుట్టూ చీకటి గోడ ఉంది. కెమెరా ఆ గోడను చూసి ఎక్స్‌పోజర్ పెంచుతుంది, గాజు తెల్లబోతుంది. ఇలాంటి కిటికీల్లో ఎరుపు, నీలం గాజు ముక్కలకే రంగు ఉంటుంది, కానీ ముఖాలు, వేళ్లు, బట్టల ముడతలు గాజు మీద కుంచెతో గీసి కొలిమిలో కాల్చినవి. ఆ గీతలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. కాస్త వెలుగు ఎక్కువైనా ముందు పోయేది అవే. కళ్లు, ముక్కు లేని తెల్లటి కోడిగుడ్డులాంటి ముఖం మిగులుతుంది.

అందుకే స్పాట్ మీటరింగ్ (ఒక్క చిన్న చోటు వెలుగునే కొలిచే సెట్టింగు) పెట్టి కిటికీలో లేతరంగు ముఖం మీద కొలవండి. ఫోన్ అయితే ఆ ముఖం మీద వేలు నొక్కి పట్టి, వెలుగు తగ్గించండి. గోడ నల్లగా అయిపోతే అవనివ్వండి. తీశాక జూమ్ చేసి కనుబొమల గీత కనిపిస్తోందో లేదో చూసుకోండి. కనిపిస్తే ఎక్స్‌పోజర్ సరిగ్గా ఉన్నట్టే. కిటికీ ఒక్కదాన్నే తీసేటప్పుడు వెనక్కి జరిగి 85 నుంచి 200 ఎంఎం లెన్సుతో, వీలైనంత ఎదురుగా నిలబడి తీయండి. దగ్గరికెళ్లి పైకెత్తి తీస్తే బొమ్మ పైకి పోనుపోను సన్నబడుతుంది.

నేరుగా ఎండ తగిలే గాజు కన్నా మబ్బు పట్టిన రోజు గాజు చక్కగా వస్తుంది. ఎండలో ఒక మూల భగ్గుమని మరో మూల చీకటిగా ఉంటుంది, బయటి చెట్ల నీడలు, గ్రిల్లు గీతలు కూడా గాజులో పడతాయి. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాన ఆగి ఆకాశం ఒకే బూడిదరంగులో ఉన్నప్పుడు వెళ్లండి. ఎండ కావాల్సింది ఒక్క సందర్భంలోనే: గాజు రంగులు నేల మీద, బెంచీల మీద పడటాన్ని తీయాలనుకున్నప్పుడు. అప్పుడు కిటికీని వదిలేసి ఆ రంగు పడిన చోటునే తీయండి.

హాలు, కిటికీ రెండూ ఒకే ఫోటోలో కావాలంటే ఒకే షాట్‌లో కుదరదు. కెమెరా కదలకుండా మూడు తీయండి: మామూలుగా ఒకటి, రెండు స్టాపులు తగ్గించి ఒకటి, రెండు పెంచి ఒకటి (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం). ఇంట్లో కలిపేటప్పుడు నీడలను పూర్తిగా వెలిగించేయకండి. గోతిక్ చర్చి అంటేనే చీకట్లో వెలిగే కిటికీ. మూలమూలలూ ఒకే వెలుగులో కనిపిస్తే అది పెళ్లి హాలైపోతుంది.

సమాధి గదికి వెళ్లే దారి వేరు, అక్కడి నియమాలూ వేరు. కెమెరా లోపల పెట్టుకుని చూసి రండి.

కోట చర్చి: పాలరాయి, నేలరాళ్లు

సెయింట్ మేరీస్‌ను 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠించారు. ఫిరంగి గుళ్లకు తట్టుకోవాలని కప్పును కూడా ఇటుక కమానుగా, మందంగా కట్టారు. గోడలు లావు కాబట్టి కిటికీ వెలుగు వెడల్పుగా పరుచుకోదు, పక్క నుంచి వాలుగా వచ్చి పడుతుంది. హాలు మొత్తం తీయడానికి ఇది కాస్త ఇబ్బంది. గోడల మీది పాలరాతి శిల్పాలకు మాత్రం ఇంతకన్నా మంచి వెలుగు దొరకదు.

మిషనరీ శ్వార్ట్జ్ స్మారకం దగ్గర ఆగండి. జాన్ బేకన్ జూనియర్ చెక్కినది. శ్వార్ట్జ్ మరణశయ్య మీద ఉన్నాడు. తోటి మిషనరీ ఒకాయన తల పట్టుకున్నాడు, చుట్టూ ఆయన పెంచిన పిల్లలు, ఒక పిల్లవాడు ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నాడు. రెండో చెయ్యి పైకెత్తి ఉంది, పైనుంచి శిలువ పట్టుకుని దిగుతున్న దేవదూత వైపు. దీన్ని ఎదురుగా నిలబడి, మీ వెనక కిటికీ వెలుగులో తీస్తే మనుషులందరూ గోడకు అతికించిన కాగితంలా చదునుగా పడతారు. పక్క కిటికీ వెలుగు ఉన్న గంట చూసుకుని రండి. అప్పుడు ఎత్తిన చేతి నీడ రాతి మీద పడుతుంది, పిల్లవాడి వేళ్లు ఒక్కొక్కటిగా విడివిడిగా కనిపిస్తాయి. ముందు మొత్తం స్మారకం, శాసనంతో సహా, నిటారుగా ఒకటి. తర్వాత ఆ పట్టుకున్న చెయ్యి ఒక్కటే. నాకైతే ఈ చర్చిలో ఆ చేతిని మించిన ఫోటో లేదు.

వెలుగు వాలుగా రాకపోతే స్నేహితుడి చేత ఫోన్ టార్చ్‌ను శిల్పానికి దూరంగా, గోడకు దాదాపు ఆనించినంత పక్కగా పట్టించండి. అనుమతి అడిగి మాత్రమే. తెల్ల థర్మోకోల్ అట్ట ముక్క ఒకటి ఉంటే రెండో పక్క నీడను కాస్త మెత్తబరచొచ్చు.

తెలుగువాళ్లు ఇక్కడ వెతకాల్సింది ఇంకొకటి ఉంది, థామస్ మన్రో సమాధి. దత్తమండలాల కలెక్టరుగా రాయలసీమ ఊళ్లన్నీ తిరిగిన మన్రో, గవర్నరుగా ఉండగా 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ముందు గుత్తిలో పూడ్చి, 1831లో ఇక్కడికి తెచ్చారు. ఇలాంటి సమాధి రాళ్లను తీసేటప్పుడు మీ పాదాలు, మీ నీడ ఫ్రేమ్‌లోకి రాకుండా చూసుకోండి. కెమెరాను రాయికి సరిగ్గా సమాంతరంగా పట్టుకోవాలి, లేకపోతే అక్షరాలు ఒక పక్క పెద్దగా, ఒక పక్క చిన్నగా వస్తాయి. అరిగిపోయిన అక్షరాలు పైనుంచి పడే దీపాల్లో చదవలేం, అదే రాయి మీద పక్క వెలుగు పడితే చదవొచ్చు. బయటి ఆవరణలో పరిచిన పాత సమాధి రాళ్లకు ఉదయం ఏడెనిమిది గంటల వాలు ఎండ ఆ పని ఊరికే చేసిపెడుతుంది. రాళ్ల మీద నీళ్లు చల్లడం, సుద్ద రాయడం వద్దు.

బలిపీఠం దగ్గరి ప్రభువు కడరాత్రి విందు చిత్రాన్ని 1761లో పుదుచ్చేరి నుంచి తెచ్చారని చెప్తారు. తైలవర్ణ చిత్రాల మీద వార్నిష్ మెరుస్తుంది. కొంచెం పక్కకు జరిగి, మెరుపు పోయిన చోట నిలబడి, కాస్త పొడవు లెన్సుతో తీయండి.

ఎగ్మూరు: నక్షత్రాల గుమ్మటం

సెయింట్ ఆండ్రూస్ 1821లో ప్రారంభమైంది. మెత్తటి నేల కావడంతో బావులు తవ్వి వాటి మీద పునాది వేశారు. లోపల 16 స్తంభాల మీద గుండ్రటి గుమ్మటం, దానికి ముదురు నీలం రంగు, నీలం మీద బంగారు నక్షత్రాలు. ఎగ్మూరు స్టేషన్‌లో దిగి రైలుకు మూడు గంటలు టైమున్నవాళ్లు హాయిగా చూసి రావచ్చు.

ఇక్కడ కెమెరా కంటికి పెట్టుకుని తల ఎత్తితే నడుమ ఎప్పటికీ కుదరదు. గుమ్మటం కేంద్రానికి సరిగ్గా కింద ఉన్న చోటు వెతికి, చిన్న గుడ్డ పరిచి, కెమెరాను వెల్లకిలా నేల మీద పెట్టేయండి. ఫోన్ అయితే ఇంకా సుఖం: తెర పైకి ఉండేలా పడుకోబెట్టి సెల్ఫీ కెమెరాతో, టైమర్ పెట్టి, నాలుగడుగులు పక్కకు జరగండి. గుమ్మటం అంచు నాలుగు వైపులా సమానంగా తగిలేదాకా వేలెడు వేలెడు జరుపుతూ పోవాలి. వైట్ బ్యాలెన్స్ (రంగులను సరిచేసే సెట్టింగు) ఆటోలో వదిలితే ఆ నీలాన్ని చూసి కెమెరా ఫోటో మొత్తాన్ని పసుపులోకి తోసేస్తుంది. డేలైట్‌లో గట్టిగా కట్టేయండి. నక్షత్రాల బంగారం మెరవాలంటే ఎక్స్‌పోజర్ అర స్టాపు తగ్గించండి.

ఇంటికొచ్చాక

ఎడిటింగ్‌లో ముందు లెన్స్ కరెక్షన్ (లెన్సు తెచ్చే వంపులు సరిచేయడం), తర్వాత నిలువు గీతలు, ఆపైన రంగు. కిటికీ వెలుగు నీలంగా, దీపాలు పసుపుగా కలిసిపోయి ఉంటే రెండింటినీ పూర్తిగా తెలుపు చేయాలని పోరాడకండి. గోడ తెలుపు సహజంగా కనిపిస్తే చాలు, దీపం చుట్టూ కాస్త పసుపు ఉంటే అది దీపంలాగే ఉంటుంది.

ప్రతి ఫోటోకు ఆ రోజే పేరు పెట్టండి: చర్చి, తేదీ, ఏ గోడ, ఏ స్మారకం. నెల తర్వాత తెల్లటి పాలరాళ్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. శాసనాలను విడిగా తీసి ఉంటే పేర్లు, సంవత్సరాలు వాటిలోంచి ఎత్తి రాసుకోవచ్చు. పాత చర్చిలకు మళ్లీ మళ్లీ సున్నాలు వేస్తారు, నేలరాళ్లు నడిచి నడిచి అరుగుతాయి. మీరు నిటారుగా, స్పష్టంగా తీసిన ఫోటో రేపు మరమ్మతు చేసేవాళ్లకు ఉపయోగపడొచ్చు. అందుకే పెద్ద సైజు ఫైళ్లను, పేర్లతో సహా, పెన్‌డ్రైవ్‌లో వేసి చర్చి ఆఫీసులో ఇచ్చి రండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపొద్దు, అది ఫోటోను కుదించేస్తుంది.